నేను తాగని బొండాం

దయ్యాల మాటెత్తితే నాకు కోపం వస్తుంది. భయం కాదు, కోపం. నీటిపారుదల శాఖలో పనిచేసిన రోజుల్లో, లాకు గట్టున తెల్లచీర కనబడిందని, అందుకే తలుపులు ఎత్తలేదని లాకు కాపలా చూసే ఒక లస్కరు సెలవు చీటీలో రాసి పంపాడు. ఆ చీర ఏ గట్టున, ఏ దిక్కుకు మొహం పెట్టి, కాలువలో నీటిమట్టం ఎంత ఉండగా కనబడిందో వివరంగా రాసి ఇమ్మని సంజాయిషీ అడిగాను. ఆ తర్వాత నా హయాంలో ఎవరికీ ఏమీ కనబడలేదు.

కాబట్టి ఇది చదివేవారు నన్ను ఆ లస్కరు పక్కన నిలబెట్టవద్దని మనవి. నేను చూసినది ఏదీ లేదు. విన్నది అంతకంటే లేదు. నాకు జరిగిందంతా రక్తపరీక్షల్లోనూ, మూత్రపరీక్షల్లోనూ జరిగింది.

నా భార్య కామేశ్వరి మూత్రపిండాల జబ్బుతో పోయింది. మొదట మూత్రంలో నురగ కనబడింది. పరీక్ష చేయిస్తే ప్రొటీను పోతోందన్నారు. తర్వాత రక్తంలో క్రియాటినిన్ పెరుగుతూ వచ్చింది. చివరికి మా కొత్తపేట నుంచి అమలాపురానికి డయాలసిస్ కోసం తిరగవలసి వచ్చింది. కాలువ గేజి చూసి నీటిమట్టం రాసిన చేత్తోనే ఆమె రోజుకు ఎంత నీరు తాగిందో, ఎంత మూత్రం వచ్చిందో రాసేవాణ్ణి.

ఈ జబ్బు గురించి మాట్లాడేవాళ్ళందరూ క్రియాటినిన్ అంకె ఒక్కటే అడుగుతారు. మమ్మల్ని భయపెట్టింది మాత్రం పొటాషియం. మూత్రపిండాలు బాగుంటే ఎక్కువైనది మూత్రంలో పోతుంది. అవి పాడైతే రక్తంలో నిలిచిపోతుంది. ఒక హద్దు దాటాక, ముందుగా ఏ నొప్పీ లేకుండానే గుండెను ఆపగలదు. అరటికాయలో ఉంది, కందలో ఉంది, ఆకుకూరల్లో ఉంది, అన్నిటికంటే ముఖ్యంగా కొబ్బరినీళ్ళలో ఉంది. ఇవన్నీ తీసేస్తే కోనసీమలో పుట్టిన మనిషికి తినడానికీ తాగడానికీ ఏం మిగులుతుందో వైద్యులు ఏ కాగితం మీదా రాయరు.

మా అమ్మాయి శారద ఇక్కడే బ్యాంకులో పనిచేస్తూ, మాతోనే ఉంటోంది. వంట తనే మార్చేసింది. కూరలు సన్నగా తరిగి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండేది. ఉప్పు చిటికెడు. కామేశ్వరికి వేరుగా, మాకు వేరుగా వండటం బాగుండదని ఇంటిల్లిపాదీ అదే తిన్నాము.

పెరట్లో గంగబొండాం చెట్టు ఉంది. కామేశ్వరి పుట్టిల్లు పలివెల. అక్కణ్ణుంచి మొలక తెచ్చి తనే నాటుకుంది. పొట్టి జాతి, నిలబడి కాయ కోసుకోవచ్చు. డాక్టరు వద్దన్న నాటి నుంచి ఆమె ఒక్క గుక్క తాగలేదు. కాని మధ్యాహ్నం పూట ఆ చెట్టుకెదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేది.

"ఏవండీ, మీరైనా ఓటి కొట్టుకు తాగండి. ఎలా ఉందో చెబుదురుగాని, వింటాను" అనేది.

"నువ్వు తాగనన్నాళ్ళూ నేనూ తాగను" అన్నాను.

"అదేం పంతమండీ? నామీద కోపం చెట్టుమీద చూపిస్తారేంటి?"

కోపం ఎవరిమీదో నాకే తెలియదు. తాగలేదు. ఆఖరి రోజుల్లో నీళ్ళు కూడా కొలిచి ఇచ్చేవాళ్ళం. నాలుక మీద చిన్న ఐసు ముక్క పెట్టుకుని, "ఇది కరిగేలోగా బొండాం అనుకుంటాను, నవ్వకండి" అంది. ఆ దాహంతోనే పోయింది. మాకు కొడుకులు లేరు గనుక కర్మ నేనే చేశాను. నెలనెలా మాసికాలు కూడా నేనే పెట్టాను.

కొన్ని నెలలకు నా మామూలు పరీక్షలు చేయించుకున్నాను. నాకు బీపీ, షుగరు ఉన్నాయి. క్రియాటినిన్ కాస్త పైకే ఉంటుంది గాని కంగారు పడవలసినంత కాదు. ఈసారి పొటాషియం అయిదున్నర దాటింది. అయిదు వరకు ఉంటే మామూలు.

డాక్టరుగారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

"బొండాలు తాగుతున్నారా శర్మగారూ?"

"లేదండి."

"కోనసీమలో కూర్చుని లేదంటే ఎలాగండి? రోజుకోటా, రెండా?"

"కొన్నేళ్ళుగా ముట్టలేదండి."

"సరే, ముట్టకుండానే తాగుతున్నారు" అని నవ్వేశారు. అబద్ధమాడుతున్నానని మర్యాదగా చెప్పటం అన్నమాట. ఆ రోజు ఇంటికి వచ్చేవరకు నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.

పద్ధతిగా ఒక్కొక్క కారణమే తీసివేయాలని నిర్ణయించుకున్నాను. రక్తం తీసిన తీరు బాగుండకపోతే గొట్టంలోనే కణాలు చితికి, వాటిలోని పొటాషియం బయటపడి లేనిపోని అంకె వస్తుంది. అందుకని మరో ల్యాబుకు వెళ్ళి, ఎలా తీయాలో అక్కడి అమ్మాయికి వివరించాను.

"సూది మీకిచ్చేస్తాను తాతగారూ, మీరే తీసేసుకోండి. నేనలా కూర్చుని నేర్చుకుంటాను" అంది ఆ పిల్ల. కాని జాగ్రత్తగానే తీసింది. అంకె తగ్గలేదు సరికదా, కాస్త పెరిగింది.

కొన్ని బీపీ మాత్రలు పొటాషియాన్ని పెంచుతాయి. డాక్టరుగారు నా మాత్ర మార్చారు. తగ్గలేదు. సోడియం తగ్గించిన ఉప్పులో ఆ లోటుకు పొటాషియం కలుపుతారు. మేము అది వాడటం లేదు. చివరికి మూత్రంలో పొటాషియం ఎంత పోతోందో చూశారు. అదీ చాలా ఎక్కువగా ఉంది.

"రక్తంలో ఉంది, మూత్రంలోనూ దండిగా పోతోంది. అంటే లోపలికి ఎక్కణ్ణుంచో వస్తోంది కదండీ. కిడ్నీ దానంతటది తయారుచెయ్యదుగా?" అన్నారు డాక్టరుగారు. ఈసారి నవ్వలేదు.

నేను ఆయనకు చెప్పని విషయం ఒకటి ఉంది. మధ్యాహ్నం భోజనం చేసి వాలుకుర్చీలో కూర్చున్నాక, నోట్లో ఒక రుచి తెలిసేది. లేత బొండాం రుచి. మొదట తియ్యగా, మింగాక కొసన కాస్త ఉప్పగా. షుగరు మాత్రల వల్ల ఎప్పుడూ ఎండుకుపోయి ఉండే నా నాలుక అప్పుడు చల్లగా తడిగా ఉండేది. మందుల వల్ల రుచులు మారతాయని విన్నాను గనుక పట్టించుకోలేదు.

శారద వేరే అనుమానం పెట్టుకుంది. నేను మగతలో లేచి వెళ్ళి కాయ కొట్టుకుంటున్నానేమోనని గెలల చుట్టూ దారం కట్టింది. పోలికలు ఎక్కడికి పోతాయి? దారం తెగలేదు. గెలలు అలాగే ముదిరి కొబ్బరికాయలయ్యాయి.

పొటాషియం ఆరుకు చేరేసరికి అమలాపురంలో ఆసుపత్రిలో పెట్టి చూశారు. ఆసుపత్రి భోజనం, పక్కన శారద. రెండో రోజు మధ్యాహ్నం నర్సు గదిలోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎవరండీ గదిలో బొండాం కొట్టేరు? పొటాషియం పేషెంటని రాసి పెట్టేం కదా, కనబడట్లేదా?"

"ఎవరూ కొట్టలేదండి" అంది శారద.

"వాసనొచ్చేత్తాందమ్మా, పచ్చి పీచు వాసన. మాది రాజోలండి, నాకు తెలీదా?" అంటూ మంచం కింద చూసింది, చెత్తబుట్ట చూసింది, స్నానాలగది తలుపు తీసి చూసింది. ఏమీ లేదు. నా మొహంలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయింది. ఆ క్షణంలో నా నోట్లో ఆ రుచి ఉంది. సాయంత్రం తీసిన రక్తంలో అంకె ఇంకా పైకి వెళ్ళింది.

ఇలాగే సాగితే గుండె లయ తప్పుతుందని డాక్టరుగారు చెప్పారు. పొటాషియాన్ని పేగుల్లోనే పట్టేసే పొడి ఒకటి రాశారు. వరండాలో శారద నా చెయ్యి పట్టుకుని, "అమ్మ పోయి ఏడాదన్నా అవలేదు నాన్నగారూ. మీరేం దాస్తున్నారో చెప్పెయ్యండి, నేనేం అనను" అని ఏడ్చింది.

నేను దాస్తున్నది బొండాం కాదు. నేను భయపడవలసినంత భయపడటం లేదు. అది దాస్తున్నాను. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మధ్యాహ్నం కోసం ఎదురుచూస్తున్నాను. ఆ రుచి వచ్చినప్పుడు మింగకుండా కాసేపు నోట్లోనే ఉంచుకుంటున్నాను. ఆ దాహం నాది కాదనిపించేది. ఎవరిదో అని మాత్రం అనుకోకుండా నన్ను నేను అదుపులో పెట్టుకునేవాణ్ణి. పొడి నీళ్ళలో కలిపి శారద ఇస్తే తాగాను. అంకె కొద్దిగా దిగి, మళ్ళీ పైకి వచ్చింది.

పదకొండో మాసికానికి కామేశ్వరి చెల్లెలు వరలక్ష్మి పలివెల నుంచి వచ్చింది. మోకాలి ఆపరేషను వల్ల అంతకుముందు మాసికాలకు రాలేకపోయింది. పోయినవారి పేరున భోజనం చేసే భోక్తలు తిని, దీవించి వెళ్ళిపోయారు. తర్వాత మేము కూర్చున్నాము. వరలక్ష్మి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"ఏవే శారదా, ఉప్పేదే?"

"వేసేనే పిన్నీ, కొంచెం."

"మరీ అరటికాయేంటే, నానబెట్టిన గడ్డిలా ఉంది?"

"ఉడకబెట్టి నీళ్ళు పారబోసేనుగా..." అంటూనే శారద చెయ్యి విస్తరి మీద నిలిచిపోయింది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! పోయినదానికి పొటాషియం ఏవిటే?" అని వరలక్ష్మి నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆ కళ్ళనీళ్ళతోనే నావైపు తిరిగింది. "పోయేక కూడా మా అక్కకి పత్యమేనా బావగారూ?"

ఇది ఎవరైనా నమ్ముతారా అని ఇప్పటికీ నాకు సందేహమే. కాని జరిగింది. చెయ్యి అలవాటుపడి శారద ప్రతి మాసికానికి అలాగే వండింది. నాలుకలు అలవాటుపడి మేము అలాగే తిన్నాము. విస్తరి ముందు కూర్చున్న భోక్త వంట బాగుందనీ అనకూడదు, బాగాలేదనీ అనకూడదు. పాపం ఆ పెద్దమనుషులు నెలనెలా వచ్చి, చప్పిడి పప్పూ సారం పోయిన కూరా తలవంచుకు తిని వెళ్ళారు. కామేశ్వరి పేరు చెప్పి పెట్టినదంతా రోగి భోజనమే.

వరలక్ష్మితోపాటు శారద కూడా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. చెయ్యి ఎండిపోయేదాకా విస్తరి ముందే కూర్చున్నాను.

సంవత్సరీకానికి ఉప్పు సరిగా పడింది. అరటికాయకు ఆవ పెట్టారు. కంద వండారు. చెట్టు మీద కొత్తగా వచ్చిన లేత గెల నుంచి ఒక కాయ నేనే కోసి, కొట్టి, గ్లాసులో పోశాను. అప్పుడు సందేహం వచ్చి పంతులుగారిని అడిగాను.

"ఇది పెట్టమని శాస్త్రంలో ఉందాండీ?"

"శాస్త్రం మాటకేం గానండి, ఆవిడకి ఇష్టమేనా?"

"ఆయ్. ప్రాణమండి."

"అయితే ఆలోచనేంటండీ, పెట్టెయ్యండి."

పెట్టాను. గాలి వీచలేదు, గ్లాసు కదలలేదు, కాకి కూడా ప్రత్యేకంగా ఏమీ చేయలేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆ మధ్యాహ్నం వాలుకుర్చీలో కూర్చున్నాను. నాలుక ఎండిపోయి ఉంది. మర్నాడూ అంతే. ఆ వారమంతా అంతే. తర్వాత చేయించిన పరీక్షలో పొటాషియం నాలుగుంపావు వచ్చింది. మూత్రంలోనూ మామూలుకు దిగింది.

"చూసేరా! మానెయ్యగానే ఎలా దిగిందో. ఈ మంచిపని ముందే చేస్తే ఇంత హైరానా ఉండేది కాదు కదండీ" అన్నారు డాక్టరుగారు. మామూలుగా అయితే ఆయనతో ఆ మాట వెనక్కి తీయించేవాణ్ణి. ఆ రోజు "ఆయ్" అని లేచి వచ్చేశాను. శారద దారిలో మిఠాయి కొంది.

మాత్ర మార్చిన ఫలితం ఆలస్యంగా కనబడిందనవచ్చు. పొడి నెమ్మదిగా పనిచేసిందనవచ్చు. అసలు అంత పొటాషియం లోపలికి ఎలా వచ్చిందన్నదానికి అవి జవాబు కావు. రాజోలు నర్సు ముక్కుకు తగిలిన వాసనకూ జవాబు కావు. ఇవన్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసార్లు చూశాను. ఏదీ దేనితోనూ అతకదు.

డాక్టరుగారిని చూసివచ్చిన మర్నాడు పొద్దున్న శారద బ్యాంకుకు వెళ్ళాక నేనొక్కణ్ణే ల్యాబుకు వెళ్ళాను. గొట్టాలు తారుమారై ఉండవచ్చు, మళ్ళీ తీయమన్నాను.

"నార్మలొచ్చిందండి తాతగారూ! నార్మలొచ్చిందని తగువేంటండీ?" అంది ఆ పిల్ల. అయినా కుర్చీ చూపించింది.

రక్తం తీసేటప్పుడు గుప్పిట గట్టిగా బిగించి ఉంచితే పొటాషియం ఉన్నదానికంటే కాస్త ఎక్కువ కనబడుతుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఆ పిల్ల జబ్బకు రబ్బరు పట్టీ కట్టింది. నేను గుప్పిట బిగించాను. నాకున్న బలమంతా పెట్టి బిగించాను.

"వదిలెయ్యండి తాతగారూ" అంది.

నేను వదలలేదు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, సూది పక్కన పెట్టి, నా వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పింది.

సాయంత్రం వచ్చిన రిపోర్టు కూడా నార్మలే.