మూడో నెల నిండకముందే

సోమవారం పొద్దున జనరల్ షిఫ్టు మొదలవుతుండగా వార్త వచ్చింది. ఇస్నాపూర్ సిస్టరమ్మ అనసూయ గారు ఇక లేరు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. నమ్మలేక, ఫోన్ చేసిన మనిషినే కసిరాను. ఆ మహనీయురాలి నిష్క్రమణ నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఈ నాలుగు వాక్యాలు రాయడానికే మూడుసార్లు కుర్చీలోంచి లేచాను.

హత్నూర దగ్గర రైతుకూలీ కుటుంబంలో పుట్టి, నర్సు చదువు చదివి, ఈ కార్మికవాడకే జీవితాన్ని అంకితం చేసిన సేవామూర్తి ఆమె. సంతానం కోసం తపించే దంపతులు ఆమెను వెతుక్కుంటూ వచ్చేవారు. మందులేవీ ఇచ్చేవారు కాదు. భార్య ఒక్కతే వస్తే, “ఆయన్ని గూడ తోల్కరా. ఒక్కదానితోనే అయితదా ఏంది?” అని వెనక్కి పంపేవారు. వచ్చిన మగవాడి జేబులోంచి ముందు గుట్కా ప్యాకెట్ తీయించేవారు. ఏడాది చూసినా ఫలితం లేకపోతే ఇద్దరినీ పెద్ద డాక్టరు దగ్గరికి పంపేవారు, జాగు చేస్తే ఊరుకునేవారు కాదు.

నాకు ఆమెతో పరిచయం కొట్లాటతో మొదలైంది. ఫ్యాక్టరీలో షిఫ్టులు వేసేది నేనే. ఒకరోజు నేరుగా నా గదిలోకి వచ్చి, చార్టులో నైట్ షిఫ్టు కార్మికుడి పేరు మీద వేలు పెట్టారు. “ఈయన పొద్దుగాల ఇంటికొచ్చేసరికి పెండ్లాం ఇంకో కంపెనీకి పోతది. ఇగ పిల్లలెట్లయితరు సారూ? జెర షిఫ్టు మార్చు.” రూల్స్ ఒప్పుకోవన్నాను. నన్ను తేరిపార చూసి, “నీకెంతమంది బిడ్డా?” అన్నారు. మాకు పెళ్లయి ఆరేళ్లు, పిల్లల్లేరు. అతని షిఫ్టు మార్చాను. ఆ ఆదివారమే నా భార్య పద్మజను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను.

మా తప్పు ఐదు నిమిషాల్లో పట్టేశారు. నెలసరి లెక్కలో పదో రోజు నుంచి పదహారో రోజు దాకా ముఖ్యమని మాకూ తెలుసు. కానీ మా అమ్మ నేర్పిన అలవాటుతో, పద్మజ తలస్నానం చేసే ఐదో రోజునే ఒకటిగా లెక్కపెడుతూ వచ్చింది. సిస్టరమ్మ తల పట్టుకున్నారు. “తలకు పోసుకున్నది కాదు బిడ్డా, బయట చేరిన మొదటి దినమే ఒకటి! మీరు తలుపు తీసేసరికి సుట్టం ఎల్లిపోతున్నడు!” పద్మజ పకపకా నవ్వింది. “నెలలు అటు ఇటు అయితుంటే ఈ లెక్క పట్టుకోవద్దు, డాక్టరును అడగాలె. గా దినాలల్ల గూడ పరీక్ష రాసినట్టు ఉండకుర్రి. రెండ్రోజులకోసారి కలిసుంటే సాలు” అన్నారు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఫ్యాక్టరీ గేటు దగ్గర కనిపించి, “ఏమన్న కబురా?” అని అడిగేవారు. ఈమధ్య నిజంగానే కబురు ఉంది! కానీ మూడో నెల నిండేదాకా బయట చెప్పొద్దని మా అమ్మ ఆంక్ష. “ఆవిడకైనా చెబుదామండీ” అని పద్మజ బతిమాలింది. ఆరేళ్ల భయంతో నేనే ఒప్పుకోలేదు. మొన్న శుక్రవారం కూడా, “ఇంకా లేదమ్మా” అన్నాను. “పరేషాన్ గాకు, అయితది” అని భుజం తట్టి వెళ్లిపోయారు. ఆమెతో నేను ఆడిన చివరి మాట అబద్ధం. నా మీద నాకే పట్టరాని కోపంగా ఉంది. ఈ బస్తీలో దంపతులను అలా కసిరి, నవ్వించి, ధైర్యం చెప్పే మనిషి మరొకరు లేరు, రారు.

అంతిమ దర్శనానికి ఒంటరిగా వెళ్లాను. ఆమె భర్త యాదగిరి గారు చుట్టూ చూసి, “పద్మజ బిడ్డ రాలేదా?” అని అడిగారు.

“ఇప్పుడు... చావింటికి రాకూడదంది మా అమ్మ.”

ఆయన నా ముఖంలోకి చూశారు. మెల్లగా వంగి, ఆమె చెవి దగ్గర అన్నారు: “అనసూయా, ఇన్నవా? పద్మజ నీళ్లోసుకున్నదంట.”

ఆ మాట నేను చెప్పాల్సింది. శుక్రవారం, ఆమె వింటుండగా.