బక్క మొలక

పండ్ల పరిశోధన కేంద్రం నర్సరీలో ఆయన్ని అందరూ పీకుడు మావయ్య అంటారు. ముప్పై ఏళ్లుగా నారుమడిలో బక్క మొలకలు ఏరి పీకడమే పని. ఆయన ఉంచిన మొక్క చచ్చిపోవడం అక్కడ ఎవరూ చూడలేదు.

ఏడేళ్ల కిందట కేంద్రంలోని పెద్ద సారు తియ్యటి నారింజ పూలకి, ఉప్పునేలలోనూ పచ్చగా నిలిచే ఓ పుల్ల నిమ్మ పుప్పొడి అంటించారు. తల్లి తీపి, తండ్రి ఓర్పు రెండూ ఉన్న మొక్క కావాలి. గింజలు నాటించి, "గింజకో మొక్క ఉంచు, మిగతావి తీసెయ్" అన్నారు. ఆ ఏడే రిటైరయ్యారు.

మావయ్యకి ఇందులో సొంత ఆశ ఉంది. కాలవ చివర వాళ్లక్కకి అరెకరం నారింజ తోట. బావిలోకి సముద్రపు నీరు దిగి, ఆకుల అంచులు మాడి, చెట్లు ఒక్కొక్కటే ఎండుతున్నాయి. "నీ మొక్కలొచ్చేదాకా తోట కొట్టించనురా" అంది అక్క.

ముందు పండు రుచి చూడాలి, తర్వాత ఉప్పుకి తట్టుకుంటాయో చూడాలి అని సారు రాసిపెట్టిన వరస. నిరుడు కాసిన పండ్లన్నీ తియ్యగా ఉంటే అందరూ సంబరపడ్డారు. ఈ ఏడు ఉప్పునీళ్లు పోసిన నెలకే చెట్లన్నీ ఒకేలా మాడాయి. సారు స్థానంలో కొత్తగా వచ్చిన శాస్త్రవేత్త డాక్టరమ్మ ఆకులు జన్యు పరీక్షకి పంపింది. ఫలితం రాగానే షెడ్డుకొచ్చి ఆయన పక్కన బల్ల మీద కూర్చుంది.

"మావయ్యా, ఒక్కో గింజకి రెండు మూడు మొలకలొస్తాయి కదా. మీరు దేన్ని ఉంచారు?"

"లావుదాన్నమ్మా. బక్కదాన్ని ఎవడైనా ఉంచుతాడా?"

"నారింజలో అదే చిక్కు. లావువి తల్లికి అచ్చు నకళ్లు. తండ్రి జన్యువులు కలిసింది ఒక్కటే ఉంటుంది. చాలాసార్లు అది బక్కదే."

"అయితే ఈ రెండొందల నలభై చెట్లూ..."

"అన్నీ తల్లే." ఫలితం కాగితం ఆయన చేతికిచ్చి, "మీకెవరూ చెప్పలేదు" అంది.

"చెప్పినా నమ్మేవాణ్ణి కాదులేమ్మా."

ఆదివారం వెళ్లి అక్కకి చెప్పాడు. ఆమె నవ్వింది. "పుట్టినప్పుడు నువ్వెంత ఉన్నావనుకున్నావు, అరచేతిలో పట్టావు. అమ్మ కూడా నీలాగే ఆలోచించుంటే?"

"మళ్లీ మొదలెడతారట. ఇంకో ఏడేళ్లు ఆగాలక్కా."

"నేనాగుతాన్రా. చెట్లనడుగు."

కొత్త గింజలు మొలిచాయి. ఈసారి ఏదీ పీకలేదు. బక్కవాటిని వేరే కుండీల్లోకి మార్చి, నీడకట్టి, చెంచాతో నీళ్లు పోశాడు. వారానికే సగం వాలిపోయాయి. నీళ్లు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో ఆయనకి తెలియలేదు. బక్కదాన్ని బతికించాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు.

కుండీ ముందు కూర్చునుండగా అక్క ఫోన్ చేసింది.

"రంపం వాళ్లొచ్చార్రా. మిగిలినవి నాలుగు చెట్లే. ఏమంటావ్?"

వేలితో ఓ మొలకని లేపి నిలబెట్టాడు. వదలగానే అది మళ్లీ ఒరిగింది.

"కొట్టించెయ్యక్కా" అన్నాడు.