లైటు రాఖీలు

నవతకు ముక్కు మీద కోపమని మంచిర్యాలలో ఆమె పనిచేసే ఆసుపత్రిలో అందరూ అంటారు. ఉండదా మరి! ఏళ్ల తరబడి కాంట్రాక్టు నర్సుగానే మిగిలిపోయింది. యూనియన్ కార్యదర్శి అయ్యాక ఆ కోపానికి ఒక జెండా కూడా దొరికింది. రాఖీ పండుగకు లోకంలోని ఆడపిల్లలంతా కిక్కిరిసిన బస్సుల్లో పుట్టిళ్లకు పోతుంటే నర్సులకు సెలవు లేదు. అడిగితే సూపరింటెండెంటు "మీరు సేవామూర్తులమ్మా" అని ఓ దండం పెట్టి పోతాడు. ఆ దండం ఎవరికి కావాలి?

పండుగ మర్నాడు నస్పూర్ నుంచి మల్లక్క అనే ముసలమ్మ మనవణ్ణి చంకనేసుకుని ఉరికొచ్చింది. పిల్లవాడి పేరు సిద్ధు, మూడేళ్లు కూడా నిండలేదు. నోట్లోంచి చొంగ ఆగకుండా కారుతోంది, గుక్కెడు నీళ్లు దిగడం లేదు. వాళ్లక్క కట్టిన, మిణుకుమిణుకుమని వెలిగే లైటు రాఖీని కొరికి, అందులోని గుండీ బ్యాటరీ మింగేశాడు. పిల్లలు నాణెం మింగితే ఇళ్లలో చేసే వైద్యమే మల్లక్కా చేసింది. కిందికి జారుతుందని అరటిపండ్లు తినిపించి, మధ్యాహ్నం దాకా ఎదురుచూసింది. నాణెమైతే జారేదేమో. బ్యాటరీ గొంతులో ఇరుక్కుని లోపలి కండను కాలుస్తూ కూర్చుంది.

డాక్టరు ఎక్స్‌రే చూసి, క్షణం ఆలస్యం చేయకుండా కరీంనగర్ పంపించాడు. అంబులెన్సులో నవతే వెంట పోయింది. అక్కడ బ్యాటరీ తీశారు, పిల్లవాడు బతికాడు. కానీ గొంతు కాలిపోయింది. ఇక ఎన్నాళ్లో ఏమో, పొట్టకు వేసిన గొట్టంలోంచే పాలు. "నా చేతులతోనే తినవెట్టిన బిడ్డా" అని మల్లక్క తల బాదుకుంటుంటే నవతకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది.

తిరిగొచ్చేసరికి ఆసుపత్రిలో తలా ఒక మాట. తల్లి ఏం చేస్తోందట అని ఒకరు. పిల్లల సామానుకు కూడా రూల్సంటే చిన్న దుకాణాలు నడుస్తాయా అని ఇంకొకరు. ఎద్దు పుండు కాకికి ముద్దా! నవతను పట్టి పీడిస్తున్నది వేరే. ఈ కాలనీల్లో ఒకసారి కట్టిన రాఖీ తనంతట తాను ఊడిపోయేదాకా విప్పరు. అంటే ఊళ్లోని పసిపిల్లల చేతుల మీద ఆ బ్యాటరీలు ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.

డ్యూటీ దిగగానే యూనియన్ వాళ్లను కూర్చోబెట్టి, ఇంటింటికీ పోయి తీయిద్దామంది. అందరిలోకి పెద్దదైన మమతారాణి అడ్డుపడింది. కాంట్రాక్టులు పొడిగించే ఫైలు సూపరింటెండెంటు బల్ల మీదే ఉంది, ఇప్పుడు ఊరి మీద పడితే ఉన్న ఉద్యోగాలూ ఊడతాయని ఆమె భయం.

"మన లొల్లే తెగలే, గీ లొల్లి మనకెందుకే?"

"రేపు ఇంకో పొల్లగాడు గిట్లనే వస్తే పట్టుకునేది మనమే గదక్కా," అంది నవత.

మమతారాణి డ్రెస్సింగ్ కత్తెర చేతిలోకి తీసుకుని ముందు తనే లేచింది.

శ్రీరాంపూర్ బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలో కొందరు తల్లులు అడగ్గానే విప్పి ఇచ్చారు. కొందరు మొహం మీదే తలుపు వేశారు. తోబుట్టువు కట్టిన రాఖీ కత్తిరిస్తే అన్నదమ్ములకు కీడట. షిఫ్టు దిగి వచ్చిన ఒకాయన, సూదులేసుకునే వాళ్లకు యూనియన్ ఎందుకు, ఇళ్ల మీద ఈ పెత్తనమెందుకు అని విరుచుకుపడ్డాడు. ఆయన చొక్కా జేబుకు ఆయనగారి యూనియన్ బిళ్ల తళతళలాడుతోంది!

ఎక్కడ కొన్నారంటే అందరిదీ ఒకటే జవాబు. కుమారస్వామి ఫ్యాన్సీ స్టోరు. కుమారస్వామి నవతకు సొంత తమ్ముడు.

నర్సులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవత ఎవరివైపూ చూడకుండా తిన్నగా దుకాణానికి నడిచింది. గుమ్మంలో మిగిలిన రాఖీల పెట్టె, సగం ధర అని అట్టముక్క. అక్క రాఖీ కట్టడానికి వచ్చిందనుకుని తమ్ముడు కుర్చీ వేశాడు. ఆమె నిలబడే సంగతంతా చెప్పింది.

కుమారస్వామి దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. బొమ్మలకైతే సర్కారు భద్రతా ముద్ర ఉండాలంటారు, అందుకే ముద్రలేని బొమ్మ ఒక్కటీ పెట్టడం లేదన్నాడు. ఇది బొమ్మ కాదు, రాఖీ అన్నాడు. రాఖీకి ముద్రేమిటి? పైగా యూనియన్‌లో తిరిగి తిరిగి అక్కకు అందరూ దొంగల్లాగే కనబడుతున్నారని ఎద్దేవా చేశాడు.

వాడి రెండేళ్ల కొడుకు గల్లా పక్కన చాప మీద ఆడుకుంటున్నాడు. నవత పెట్టెలోంచి ఒక లైటు రాఖీ తీసి తమ్ముడి అరచేతిలో పెట్టింది.

"ముద్ర అక్కర లేకుంటే, నీ కొడుక్కి కట్టు."

కుమారస్వామి పౌరుషంగా వంగాడు. చిన్నవాడు కిలకిల నవ్వుతూ రాఖీ లాక్కుని సూటిగా నోటికి పెట్టుకోబోయాడు. తండ్రి దాన్ని గబుక్కున గుంజేసుకున్నాడు.

"వీనికి వద్దక్కా. వీడు అన్నీ నోట్లనే పెట్టుకుంటడు."

"సిద్ధుగాడు గూడ గట్లనే పెట్టుకున్నడు తమ్మీ," అని నవత రాఖీల పెట్టె ఎత్తుకుని మెట్లు దిగింది.