విగ్గులో కుట్టిన అడ్రసు

అమ్మమ్మ ఎవరికీ జవాబు ఎగ్గొట్టదు. అదొక జబ్బని ఇంట్లో అందరి అభిప్రాయం, కానీ ఆ మాట ఆమె ముఖం మీద అనే మగాడు ఇంకా పుట్టలేదు. మెట్లెక్కి వచ్చి చీపుళ్లు అమ్మేవాణ్నయినా, పొరపాటున తలుపు కొట్టినవాణ్నయినా నిలబెట్టి, ఏం కావాలో కనుక్కుని, అక్కర్లేదని చెప్పి, ఎందుకు అక్కర్లేదో కూడా చెప్పి పంపుతుంది. రాంగ్ నంబరు ఫోన్ చేసి ఆమెకు చుట్టాలైపోయిన వాళ్లున్నారు.

ఆమె విగ్గులు చేస్తుంది. మేడ మీద గది, కిటికీ పక్కన బల్ల, గోడ పొడుగునా చెక్క తలకాయలు. వాటికి కళ్లూ ముక్కూ లేవు గానీ, అమ్మమ్మ రోజంతా వాటితో మాట్లాడుతుంది కాబట్టి చెవులున్నట్టే లెక్క. సన్నటి వల మీద చిన్న కొక్కెంతో ఒక్కో వెంట్రుకా లాగి ముడి వేస్తుంది. నాటకాల వాళ్లు వస్తారు, జబ్బు చేసి జుట్టు పోగొట్టుకున్న వాళ్లూ వస్తారు. పని పూర్తయ్యాక ప్రతి విగ్గుకూ ఒక ముద్దుపేరు పెడుతుంది. పాపిట గీత గీసినట్టుంటే అది ‘కలెక్టరు’. ఎంత దువ్వినా ఒక పక్కకే తిరిగి కూర్చుంటే ‘అత్తగారి అలక’. ఆ పేరునూ, కింద తన ఈమెయిల్ అడ్రసునూ రిబ్బను మీద దారంతో కుట్టి విగ్గు లోపల పెడుతుంది. వదులైనా, చిక్కుపడినా, ఎన్నేళ్ల తరవాతైనా వాళ్లు ఆ అడ్రసుకే రాస్తారు. ఇల్లు మారినవాళ్లూ, ఫోను పోగొట్టుకున్నవాళ్లూ ఆ రిబ్బను పట్టుకునే మళ్లీ ఆమె దగ్గరికి చేరతారు.

ఆ అడ్రసుకే ఒకరోజు ఆన్‌లైన్ క్యాసినో వాళ్ల మెయిల్ వచ్చింది. ఉచితంగా చక్రం తిప్పుకోండి, అదృష్టం మీ గుమ్మంలో నిలబడి ఉంది అని. గుమ్మంలో నిలబడ్డవాళ్లను అమ్మమ్మ ఊరికే పంపుతుందా? కళ్లజోడు సవరించుకుని జవాబు రాసింది. అయ్యా, నాకు జూదం అలవాటు లేదు, మా ఆయనకు కూడా ఉండేది కాదు, మీ వ్యాపారం మీరు చల్లగా చేసుకోండి, ఎప్పుడైనా విగ్గు కావాలంటే తల కొలతలు పంపండి అని.

కొలతలు రాలేదు. మెయిళ్లు వచ్చాయి. ఈ ఇంట్లో ఒక మనిషి ఉంది, పలుకుతుంది అని వాళ్లలో వాళ్లు చెప్పుకున్నట్టు, ఒక క్యాసినో వెనక ఇంకో క్యాసినో వరస కట్టింది. అమ్మమ్మ అందరికీ ఓపిగ్గా జవాబిచ్చింది. వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి అని ఉన్నచోటల్లా నొక్కింది. ఎందుకు వద్దో చెప్పండి అంటే వివరంగా చెప్పింది. మర్నాటి నుంచి వాళ్లు ఆమెను ‘మా గౌరవ సభ్యురాలు’ అనడం మొదలుపెట్టారు.

ఆదివారం భోజనానికి వచ్చిన అల్లుడు ఆమె మెయిల్ పెట్టె తెరిచి చూసి నోరు తెరిచాడు. ఆయన ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునే మనిషి. ఇలాంటివాళ్లకు జవాబిస్తే అడ్రసు పనిచేస్తోందని తెలిసిపోతుందని, ఆ ‘వద్దు’ మీటలు నొక్కినా అంతేనని, తెరవకుండా స్పామ్‌లోకి తోసేయాలని చెప్పాడు. ఇప్పుడు చెయ్యిదాటిపోయింది కాబట్టి అడ్రసు మార్చేయడమే దారన్నాడు.

"రెండు నిమిషాల పని, అత్తయ్యా."

"మీకు రెండు నిమిషాలే అల్లుడుగారూ. ఎక్కడెక్కడో తిరుగుతున్న నా విగ్గులన్నిటినీ వెనక్కి పిలిపించి ఆ రిబ్బన్లు ఎవరు విప్పుతారు?"

అల్లుడు చారు పోసుకున్నాడు.

అమ్మమ్మ మాత్రం వాళ్ల పని పడతానంది. రోజూ పొద్దున్నే కొంగు బిగించి, పేజీలో ఉన్న మెయిళ్లన్నిటికీ ఒకేసారి టిక్కు పెట్టి, తెరవకుండానే చెత్తబుట్టలోకి ఊడ్చేసేది. గది ఊడ్చినంత హాయిగా ఉండేదట.

ఆ హాయి ఎక్కువ రోజులు నిలవలేదు. ఒక మధ్యాహ్నం తలకు స్కార్ఫు కట్టుకున్న టీచరమ్మ ఒకావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. ‘కలెక్టరు’ విగ్గు ఆవిడదే. వైద్యంతో మనిషి సగమైంది, విగ్గు వదులైంది. సోమవారం నుంచి మళ్లీ క్లాసుకి వెళ్లాలి. బోర్డు వైపు తిరిగితే విగ్గు తిరగకుండా పిల్లల వైపే చూస్తుందేమోనని ఆవిడ భయం. ఆ మాట చెప్పి తనే నవ్వింది గానీ, కళ్లు నవ్వలేదు.

"రెండుసార్లు మెయిల్ రాశానండీ. పలకలేదు. మీరు పని మానేశారేమో అనుకున్నాను."

అమ్మమ్మ చేతిలో కొక్కెం ఆగిపోయింది. "నేను పలకలేదా?" అంది, ఎవరో తనను దొంగ అన్నట్టు.

చెత్తబుట్ట తెరిస్తే రెండు మెయిళ్లూ అందులోనే ఉన్నాయి, చక్రాలకూ బోనస్‌లకూ మధ్య నలిగి. తన చేత్తో తనే ఊడ్చేసింది. టీచరమ్మను కూర్చోబెట్టి, తల కొలిచి, లోపల పక్కల్లో ఎలాస్టిక్ వేసి కుట్టింది. తొడిగి, తలను అటూ ఇటూ విదిలించమంది. ‘కలెక్టరు’ కుర్చీ వదల్లేదు. టీచరమ్మ స్కార్ఫు సంచీలో వేసుకుని వెళ్లింది.

సాయంత్రం అల్లుడికి కబురు వెళ్లింది. ఆయన రాగానే మళ్లీ అడ్రసు మాటే ఎత్తాడు. ఇప్పుడు ఆయన మాటకు బలం కూడా వచ్చింది.

"అడ్రసు సంగతి వదిలేయండి," అంది అమ్మమ్మ. "మీ యంత్రానికి దువ్వడం వచ్చా?"

ఆయనకు అర్థం కాలేదు. అమ్మమ్మ బల్ల మీదున్న మేకుల పలకను చూపించింది. వచ్చిన జుట్టును దాని మీద వేసి లాగితే పొడుగు వెంట్రుకలు చేతికొస్తాయి, తుక్కు మేకుల్లో ఉండిపోతుంది. నా మనుషులు రాస్తే విగ్గు పేరు చెప్పకుండా రాయరు, ఆ పేర్లు క్యాసినో వాళ్లకు తెలియవు, కాబట్టి పేరున్న మెయిల్‌ను వేరే పెట్టెలో వేసి గంట కొట్టమనండి అంది.

"ఫిల్టరా?" అన్నాడు అల్లుడు.

"ఏదైతేనేం, దువ్వితే చాలు."

ఆయన టైపు చేశాడు, అమ్మమ్మ చెప్పింది. ఏ కాగితమూ చూడలేదు. ఒక్కో చెక్క తలకాయ వైపు తిరిగి, దాని మీద ఏ విగ్గు తయారైందో తలుచుకుంటూ చెప్పుకుపోయింది. వానమబ్బు. అత్తగారి అలక. మధ్యలో ఒకచోట ఆగి, గొంతు సవరించుకుని, "అల్లుడుగారి కోపం," అంది. నిక్కబొడుచుకుని లేచి, నిమిరితే అణిగిపోయే విగ్గట అది. ఆయన తల ఎత్తకుండా టైపు చేశాడు.

కొత్తగా రాసేవాళ్లకు పేర్లు తెలియవుగా అని ఆయన సందేహం. వాళ్ల కోసం మిగతా పెట్టెను తనే ఒక్కోటీ చూసుకుంటానంది అమ్మమ్మ. ఇక చీపురు పట్టనని, జూదగాళ్లకు జవాబివ్వనని మాట కూడా ఇచ్చింది. మొదటిది చెప్పినంత సులువుగా రెండోది చెప్పలేకపోయింది.

సోమవారం సాయంత్రం గంట మోగింది. ‘కలెక్టరు’ డ్యూటీలో చేరిందని, బోర్డు వైపు ఎన్నిసార్లు తిరిగినా హుందాగా తనతోనే తిరిగిందని టీచరమ్మ రాసింది. అమ్మమ్మ ఆ మెయిల్‌ను పైకి చదివి చెక్క తలకాయలన్నిటికీ వినిపించింది.

మిగతా పెట్టెలో ఒక క్యాసినో ఎదురుచూస్తోంది. మీరు కనబడక బెంగగా ఉంది, మా వల్ల తప్పేమైనా జరిగిందా అని. అమ్మమ్మ వేళ్లు వాటంతటవే మీటల మీదికి వెళ్లాయి. అంత మర్యాదగా అడిగిన మనిషికి పలకకుండా ఎలా ఉండటం? కుడిచేతిని తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎడంచేత్తో స్పామ్ నొక్కింది.

తరవాత రెండు చేతులూ పెట్టి టీచరమ్మకు జవాబు మొదలుపెట్టింది. వంటింట్లోంచి అన్నానికి రెండుసార్లు పిలిచారు. అప్పటికింకా ఎలాస్టిక్ సంగతి రాయడం దగ్గరే ఉంది.