పుట్టింటి నెత్తురు

ఇప్పుడు పుంగనూరులో రక్తదాన శిబిరం పెడితే షామియానా కింద కుర్రాళ్ళు వరసగా పడుకుని ఫోటోలు దిగుతారు. సేవాసంస్థ వాళ్ళు మైకులో మంచి మాటలు చెబుతుంటే ఊరంతా తల ఊపుతుంది. మా అత్తగారింటివాళ్ళు అందరికంటే ముందు ఊపుతారు. అది చూస్తే నాకు ముందు ఒళ్ళు మండుతుంది, ఆ వెంటనే సిగ్గేస్తుంది.

తొంభైలలో నా మొదటి కాన్పు. మా వైపు మొదటి కాన్పు పుట్టింటి బాధ్యత. ఖర్చూ వాళ్ళదే, పథ్యమూ వాళ్ళదే. సీమంతం అయ్యాక నన్ను కుప్పం దగ్గరి మా ఊరికి పంపాలనుకున్నారు గానీ నొప్పులు ముందే వచ్చేశాయి. అత్తమామలు నన్ను పుంగనూరు నుంచి జీపులో వేసుకుని మదనపల్లె ఆసుపత్రికి తెచ్చారు. పుట్టింటివాళ్ళ పని తమ నెత్తిన పడిందని అత్త దారి పొడవునా సణుగుతూనే ఉంది.

ఆడపిల్ల పుట్టింది. నాకు నెత్తురు ఆగలేదు. వెంటనే రక్తం ఎక్కించాలన్నారు డాక్టరమ్మ.

అప్పట్లో మదనపల్లెలో ఒక సేవాసంస్థ రక్తం నిల్వ ఉంచేది. ఉండేది కొంచెమే. అందుకని ఒక సీసా తీసుకుంటే ఇంటివాళ్ళలో ఎవరో ఒకరు బదులు ఇవ్వాలి, ఏ గ్రూపైనా పరవాలేదు. సంస్థ తరఫున వచ్చినాయన ఆ మాటే వరండాలో మా అత్తింటివాళ్ళకు ఓపిగ్గా చెప్పాడు. ఆయనది పుంగనూరులో గుడ్డల అంగడి. సరుకు కోసం మదనపల్లె వచ్చినప్పుడల్లా సంస్థ పని చూసి వెళ్ళేవాడట.

వరండాలో మామ ఉన్నాడు, నా భర్త ఉన్నాడు, మరిది ఉన్నాడు. పాడి ఉన్న ఇల్లు. పెరుగు లేనిదే ఒక్కరికీ ముద్ద దిగదు, నెత్తురుకు కొదవ లేని ఒళ్ళు. తలుపు తీసే ఉంది. అత్త గొంతు నాకు స్పష్టంగా వినిపించింది.

"మొదటి కాన్పు పుట్టింటోళ్ళది గదప్పా. కబురు పంపినాం, వాళ్ళు బస్సులో వస్తాండారు. మా పిల్లోళ్ళ నెత్తురు యాల తీస్తారు?"

మామ అవునన్నాడు. నా భర్త వాళ్ళ నాన్న మొహం చూశాడు. ఆ పైన నేల చూశాడు. కుప్పం నుంచి బస్సులు మారి వచ్చేసరికి ఎంతసేపవుతుందో ఆయనకు తెలియదా! చచ్చిపోతానన్న భయం కంటే, ఈ మాటలు బయటివాళ్ళు వింటున్నారే అన్న సిగ్గు నన్ను ఎక్కువ తినేసింది. పక్క మంచం ఆవిడ నావైపు చూడకుండా అటు తిరిగి పడుకుంది.

అంగడాయన వాళ్ళతో వాదించలేదు. ముందు నాకు సీసా తెప్పించి ఎక్కించమన్నాడు. బదులు ఇవ్వాల్సింది తానే ఇచ్చాడు. తిరిగొచ్చినాయనకు మామ టీ చెప్పి, తనే ఏదో మేలు చేసినట్టు పెద్దరికంగా కుర్చీ చూపించాడు. ఆయన టీ తాగి, అంగడి తెరవాలని పుంగనూరు బస్సుకు వెళ్ళిపోయాడు.

పొద్దు వాలే వేళకు మా అన్న వచ్చాడు. వేరే ఊళ్ళో గ్రానైట్ పనిలో ఉన్నవాణ్ణి కబురు వెతికి పట్టుకునేసరికే సగం రోజు పోయింది. ఒంటి మీద రాతిదుమ్ము అలాగే ఉంది. చొక్కా చెయ్యి మోచేతి పైకి మడుచుకుంటూనే లోపలికొచ్చాడు. నెత్తురు ఎక్కడ ఇయ్యాలని అడిగాడు.

ఇక అవసరం లేదని చెప్పి, "మీరు సేయాల్సింది ఎవరో సేసి పోయినారప్పా," అంది అత్త.

అన్న మొహం పాలిపోయింది. మడిచిన చెయ్యి కిందికి దించుకుని, నా మంచం పక్కనే నిలబడి, మామకు రెండు చేతులూ జోడించాడు.

"తప్పైపోయింది మామా. నేనే ఆలస్యం సేసినాను."

ఒక్క చుక్క ఇవ్వని మనిషి తీరిగ్గా తల పంకించాడు.

"పోనీలేప్పా. ఈసారికి మేమే సర్దుకున్యాంలే."

అన్న ఊపిరి పీల్చుకున్నాడు. తనను క్షమించారని వాడికి నిజంగానే సంతోషమైంది.