సంచి నీళ్లు, కుంట నీళ్లు

మా భిక్షం గురించి ఒక కంపెనీ పుస్తకంలో పేజీ ఉంది. నున్నటి కాగితం, రంగుల ఫోటో, కింద నాలుగు ముక్కల అబద్ధం. అది చూసిన రోజు నుంచి నాకు ఒళ్లు మండుతూనే ఉంది. అసలు సంగతి నేను రాస్తాను.

భిక్షానికి అరవై దాటాయి. శామీర్‌పేట దాటాక రోడ్డుకు లోపలున్న మా ఊరి కుంటలో చేపలు పట్టడమే ఆయనకు తెలిసిన పని. నలభై ఇళ్ల చేపల సొసైటీకి పెద్ద. నీటి మీద లేచే బుడగను చూసి కింద ఉన్నది రవ్వ చేపో బొచ్చె చేపో చెప్పేస్తాడు. వల చేతిలో ఉండగా అబద్ధమాడితే ఆ ఏడంతా ఖాళీ వలే వస్తుందని చిన్నప్పుడు వాళ్ల బాపు భయపెట్టాడట. ఆ భయం ఇప్పటికీ పోలేదు. నేను గోపాలరావును, రిటైరైన బడిపంతుల్ని. ఆ సొసైటీకి కాగితాలు రాసిపెడుతుంటాను.

కిందటేడు వానలకు కుంట నిండింది గానీ, వదలడానికి చేపపిల్లలు లేవు. అవి పడకపోతే వేసవిలో నలభై ఇళ్లకూ పని లేనట్టే. అప్పుడు మేడ్చల్ దిక్కునున్న పెద్ద మందుల కంపెనీ ఒకటి లక్ష పిల్లలు ఉచితంగా ఇస్తామంది. వెర్రివాళ్లం, సంబరపడ్డాం.

పొద్దున ఏడింటికి రావాల్సినవాళ్లు మిట్టమధ్యాహ్నం వచ్చారు. ముందు షామియానా వచ్చింది. తర్వాత ఫ్లెక్సీలు, ఫోటోలవాళ్లు, పెద్దసార్లు. అందరికంటే ఆఖర్న చేపపిల్లలు, వ్యానులో ఉడికిపోయిన ప్లాస్టిక్ సంచుల్లో. సేవా కార్యక్రమాల అధికారి భానుప్రకాశ్ దిగగానే ‘లక్ష పిల్లలు ముట్టాయి’ అని కాగితం రాయించి భిక్షం చేత సంతకం పెట్టించుకున్నాడు. రాసింది నేనే. సిగ్గుతో చెప్తున్నాను.

భిక్షం సంచి మీద చెయ్యి పెట్టి చూసి అడ్డం పడ్డాడు.

“సారూ, జర ఆగుండ్రి. సంచులు మూతి ఇప్పకుండ అరగంట కుంటల తేలనియ్యాలె. సంచి నీళ్లు, కుంట నీళ్లు ఒక్కతీరుగ గావాలె. లేకుంటె పిల్లలు తట్టుకోవు.”

“అరగంటా? మా సార్‌కు మూడింటికి మీటింగుంది పెద్దాయనా. ఫోటో కానీ, తర్వాత నీ ఇష్టం” అన్నాడు భానుప్రకాశ్.

తర్వాత ఇంకేం ఇష్టం, నా తలకాయ! పెద్దసార్లు వరుసగా నిలబడి, నవ్వుతూ, సంచులు చింపి కుమ్మరించారు. చప్పట్లు కొట్టుకున్నారు, లడ్డూలు పంచుకున్నారు, వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దునకు చచ్చిన పిల్లలతో కుంట అంచంతా తెల్లబడింది. ఒక్కటీ బతకలేదు. భిక్షం, ఆయన భార్య సాలమ్మ, తక్కినవాళ్లు గంపలతో ఎత్తి, గట్టు కింద గుంత తవ్వి పాతిపెట్టారు. వేలెడంత లేని ప్రాణాలు. సాలమ్మ పారబోసిన ప్రతి గంపకూ ఏడ్చింది.

నేను భానుప్రకాశ్‌కు ఫోన్ చేశాను. “ముట్టాయని సంతకం పెట్టారు కదండీ. మీవాళ్లకు అవగాహన తక్కువ, ఇలాగే జరుగుతుంది” అన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నీళ్లలో నానుతున్న మనిషికి అవగాహన లేదట! ఫోన్ కుంటలోకి విసరబోయి ఆగాను.

తూంకుంటలో సిరాజుద్దీన్‌ది ఐసు ఫ్యాక్టరీ. ఫ్యాక్టరీ అంటే రేకుల షెడ్డు, ఐదుగురు మనుషులు. పేరు బోర్డు కూడా తుప్పు పట్టి సగం రాలిపోయింది. మా చేపలకు ఐసు అక్కణ్నుంచే వస్తుంది. సంగతి విని, వారం తిరక్కముందే తన ట్రాలీ ఆటోలో పదివేల పిల్లలు తెచ్చాడు. తెల్లవారుతుండగా వచ్చి, సంచులు నీళ్లలో తేలనిచ్చి, భిక్షం పక్కన గట్టు మీద కూర్చున్నాడు.

“నువ్వు చెప్పినంకనే ఇప్పుదం భిక్షమన్నా. నాకేం జల్దీ లేదు.”

పేపర్లో వేయిస్తానన్నాను నేను.

“వద్దు సార్. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెల్వొద్దంటరు మావోళ్లు. అయినా చేపలే లేకుంటె నా ఐసు ఎవరు కొంటరు?”

మంచివాడే గానీ, ఆ నోరు మూసుకోవడం మీద కూడా నాకు కోపమే. చిన్నవాడు చేస్తాడు, చెప్పుకోడు. పెద్దవాడు చెప్పుకోవడానికే చేస్తాడు. చెప్పుకోనివాడి మంచితనాన్ని ఎవడైనా తనదని ఎత్తుకుపోతాడు.

ఎత్తుకుపోవడానికే వచ్చారు, ఈ వేసవిలో. వల వేసిన రోజే భానుప్రకాశ్ కెమెరాతో దిగాడు. చేతిలో ఆ పుస్తకం. ‘లక్ష చేపపిల్లలు, నలభై ఇళ్లలో వెలుగు’ అని రాసి ఉంది. భిక్షాన్ని కుంట ముందు నిలబెట్టి, కిలోన్నర బొచ్చెను చేతిలో పెట్టించాడు.

“‘ఇవి కంపెనీ ఇచ్చిన చేపలు’ అని ఒక్క మాట చెప్పు పెద్దాయనా. అందరికీ కొత్త వలలు ఇప్పిస్తాను.”

మా వాళ్ల వలలు అతుకుల మీద అతుకులు. సాలమ్మే ముందుకొచ్చింది.

“గా ఒక్క మాట అనరాదు! అంటె ఏం బోతది? వలలన్ని చినిగినయి.”

ఐసు దించుతున్న సిరాజుద్దీన్ తల ఎత్తకుండానే అన్నాడు: “చెప్పన్నా. నా గురించి ఫికర్ జేయకు.”

భిక్షం భుజం మీది తడి వలను ఒకసారి తడుముకున్నాడు. కెమెరా వైపు తిరిగాడు.

“వల భుజమ్మీదున్నది, అబద్ధమాడ. ఇవి సిరాజన్న ఏసిన పిల్లలు. మీరిచ్చిన లచ్చ పిల్లలు గా గట్టు కింద ఉన్నయి. రాండ్రి, తవ్వి సూపిస్త. గవి గూడ ఫోటో దీస్కోండ్రి.”

భానుప్రకాశ్ చెయ్యి ఊపాడు, కెమెరా ఆగింది. భిక్షం ఆగలేదు. చేపను ఐసులో పెట్టి, పార అందుకుని గట్టు వైపు నడిచాడు. సాలమ్మ ఒక్క క్షణం చూసి, ఇంకో పార తీసుకుని ఆయన వెనకే వెళ్లింది.