తొర్రలో లేని ఈగలు

పుంగనూరులో ఇంటి మీదికి ఒరిగిన చెట్టు కొట్టించాలంటే ముక్తియార్ సాయిబును పిలవాల్సిందే. మోకు నడుముకు చుట్టుకొని, గొడ్డలి వీపున దోపుకొని పైకిపోయేవాడు. కొనకొమ్మ నుంచి మొదలుపెట్టి ముక్కముక్కగా కోసి, తాడు కట్టి, కింద ఒక్క పెంకు పగలకుండా దించేవాడు. సోమల నుంచి, చౌడేపల్లె నుంచి బండి కట్టుకొని వచ్చి పిలుచుకుపోయేవాళ్ళు. ఆయన చెట్టు మీదుంటే వీధిలో ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి తలెత్తి చూసేవాళ్ళు. ఆ చూపులంటే ఆయనకు మహా ఇష్టం. ఆ సంగతి భార్య మైమూన్ బీకి తెలుసు, ముసిముసిగా నవ్వుకునేది.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో కుప్పం దగ్గర ఒక పల్లెలో చింతమాను కొడుతూ జారిపడినాడు. కింద రాగిగడ్డి వామి ఉండబట్టి ఎముక విరగలేదు. లేచి గడ్డి దులుపుకొని, చుట్టూ చేరినవాళ్ళతో కలిసి తనూ నవ్వినాడు. మిగిలిన కొమ్మలు పొద్దున కొడతానన్నాడు. తెల్లారి ఆ మాను మొదట్లో నిలబడి, పంగలో కాలు పెట్టినాడు. అరచేతులు చెమట పట్టి బెరడు మీద జారినాయి. నడుం పట్టేసిందని చెప్పి బస్సెక్కి ఇంటికొచ్చేసినాడు.

పట్టింది నడుం కాదని ఆయన ఎవరికీ చెప్పలేదు. పడిపోయిన మాన్లు కోయడం, నేల మీద నిలబడి గెడకొడవలితో కొమ్మలు లాగడం, కట్టెల డిపోల్లో దుంగలు చీల్చడం, ఇట్లాంటి పనులే చూసుకున్నాడు. ఎవరైనా పెద్ద చెట్టుందని వస్తే, ముందే ఒప్పుకున్న పని ఉండాదని పంపించేసేవాడు. ఈమధ్య పెద్ద పనులే రావడంలేదని మైమూన్ బీతో అనేవాడు. ఆ పనులన్నీ చౌడేపల్లె నాగప్పకు పోయినాయి. నాగప్ప వయసులో చిన్నోడు, ఒకప్పుడు ముక్తియార్ దగ్గరే కింద తాడు పట్టినవాడు.

టీ అంగడిలో నాగప్ప పేరెత్తితే మాత్రం ముక్తియార్ ఊరుకునేవాడు కాదు.

"వాడు చెట్టెక్కేది సూసినారా? ఎద్దు నిచ్చెనెక్కినట్టుంటాది," అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు.

ఎనభైలో కార్తీకం వానలు ఆగకుండా పట్టుకున్నాయి. సావిత్రమ్మ అని బాలవాడీ టీచరు, మొగుడు పోయినాక అత్త నంజమ్మతో ఆ వీధి చివర్లోనే ఉండేది. వాళ్ళ పెరట్లో పాత నేరేడు మాను. లోపల తొర్రపోయి, ఏటికేడు వంటింటి మీదికి వంగుతా వచ్చింది. ఆ వానలకు మాను మొదట్లో నేల పగిలి, వేళ్ళు ఒకపక్క పైకి తేలినాయి. సావిత్రమ్మ భయపడి గొడుగేసుకొని టీ అంగడి దగ్గరికే వచ్చేసింది.

"ముక్తియారప్పా, మా నేరేడు ఒరిగిపోతాండాది. మా అత్త చలికని పొయ్యి దగ్గర్నే పండుకుంటాది. రేపొచ్చి దించేయప్పా. లేకుంటే చౌడేపల్లెకు కబురు పెడతా."

అంగడిలో అందరూ వింటా ఉండారు. చౌడేపల్లె అన్న మాట ఆయనకు ముల్లులా గుచ్చుకుంది.

"నేనుండంగా వాడెందుకమ్మా? పొద్దున్నే వస్తాను, మీరు నిమ్మళంగా పోండి," అన్నాడు.

ఆ రాత్రి ముద్ద దిగలేదు.

పొద్దున వాన తెరిపిచ్చింది. ముక్తియార్ మోకు తీసుకొని పోయేసరికి పెరటి గోడ అవతల జనం చేరి ఉండారు. చానా రోజులకు సాయిబు చెట్టెక్కుతాండాడని చూడ్డానికొచ్చినవాళ్ళు. నేరేడు కొమ్మ పెళుసు, ఎక్కేవాడి బరువుకే విరుగుతుంది. అది ఎరిగినవాళ్ళకు చూడాలని ఇంకా ఆశ. నంజమ్మ వంటింటి గడపలో కూర్చొని చేతులు జోడించి, "నాయనా, పైలం, సూసి ఎక్కు," అనింది.

ఆయన ఎక్కినాడు. మొదటి పంగ దాకా కళ్ళు బెరడు మీంచి తిప్పకుండా ఎక్కినాడు. అక్కడ కాలు సర్దుకోవడానికి కిందికి చూసినాడు. వంటింటి పెంకులు, గోడ మీద ఆనించిన మొహాలు, అన్నీ ఒక్కసారిగా గిర్రున తిరిగినాయి. మానును రెండు చేతులా కావలించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. గొడ్డలి జారి కింద పడింది.

"ఏమైంది సాయిబూ?" అని ఎవరో అరిచినారు. పైకీ పోలేడు, కిందికీ రాలేడు. జనం మొదట గోల చేసినారు, తర్వాత గుసగుసలాడినారు, ఆపైన అందరూ మాట మానేసినారు. ఆ మౌనమే భరించలేక ఆయన చేతులు వదులు చేసి, రొమ్ము బెరడుకు రాసుకుంటా నేలకు జారినాడు. చొక్కా చిరిగి, చర్మం దోక్కొని పోయింది.

చుట్టూ కళ్ళు. ఏదో ఒకటి చెప్పాల. నోట్లో నుంచి దానంతటదే వచ్చేసింది.

"ఈగలు! తొర్రలో తేనెటీగలు ఉండాయి! కుట్టినాయి!"

జనం రెండడుగులు వెనక్కేసినారు. అయ్యో పాపం అన్నారు. సావిత్రమ్మ లోపలికి పరిగెత్తి సున్నపుకాయ తెచ్చి, ఆయన చెయ్యి పట్టుకొని, "యాడ కుట్టినాయప్పా?" అని వెతికింది. ముంజేయి తిప్పి చూసింది. అరచెయ్యి చూసింది. మెడ చూసింది. యాడా ముల్లు లేదు, వాపు లేదు. ఆమె తలెత్తి ఆయన కళ్ళల్లోకి చూసింది. ఆయన కళ్ళు దించుకున్నాడు.

"అబ్బ, ఎట్ల కుట్టినాయో!" అనింది సావిత్రమ్మ, గోడ అవతలికి వినపడేట్టు. "పోండి, అందరూ పోండి. ఈగలు మళ్ళా లేస్తాయి."

కుట్టని చోట సున్నం బొట్లు పెట్టింది. ఆ తెల్లని బొట్లతో ఆయన వీధి పొడుగునా నడిచి ఇంటికి పోయినాడు. దారిలో మనుషులు జాలిగా పలకరించినారు. చీదరించుకొని ఉంటే ఇంత సిగ్గయ్యేది కాదు.

సాయంత్రానికి నాగప్ప వచ్చినాడు. మాను చుట్టూ తిరిగి, తేలిన వేళ్ళు చూసి, తొందరగా దించాల్సిందే అన్నాడు. చెట్టెక్కేముందు ముక్తియార్‌ను పిలిపించి అడిగినాడు.

"అన్నా, ఈగలు యాడుండాయి? తుట్టె పెద్దదేనా?"

అప్పుడైనా చెప్పొచ్చు. ఉండేది ముగ్గురే. సావిత్రమ్మ చీపురు పట్టుకొని గడపలో నిలబడి, ఊడ్చేది ఆపి, ముక్తియార్ వైపే చూస్తా ఉంది.

"పంగకు పైన తొర్రలో," అన్నాడు ముక్తియార్. "చానా పెద్ద తుట్టె."

నాగప్ప తల గోక్కున్నాడు. "అట్లయితే పొగ పెట్టకుండా ఎక్కేది ల్యా. ఈ తడికి పొగ నిలవదు. వాన పూర్తిగా తెరిపిచ్చినాక వస్తానమ్మా. అంతదాకా పెద్దామెను ముందింట్లో పండుకోబెట్టండి."

సావిత్రమ్మ మళ్ళీ ఊడ్చుకోసాగింది. చినుకులు మొదలైనాయి.

ఆ తర్వాత వాన నిలవలేదు. ముక్తియార్ పొద్దున లేస్తూనే ఈ రోజు పోయి చెప్పేస్తాననుకునేవాడు. గడప దాటేవాడు, మసీదు మలుపు దాకా పోయేవాడు, అక్కడెవరైనా "ఎట్లుండాది సాయిబూ, వాపు తగ్గిందా?" అంటే తగ్గిందని చెప్పి తిరిగొచ్చేవాడు.

"ఏల ఇట్ల తిరుగుతాండావు?" అని మైమూన్ బీ అడిగింది. చలికి ఒళ్ళు పట్టేసిందన్నాడు.

ఒక మధ్యాహ్నం పెద్ద శబ్దం వినపడింది. అదేమిటో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. చెప్పుల్లేకుండా పరిగెత్తినాడు. నేరేడు వేళ్ళతో సహా లేచి వంటింటి మీద పడి ఉంది. ముందింట్లో చలికి తాళలేక, కోడలు బాలవాడీకి పోయిన సమయం చూసి నంజమ్మ పొయ్యి దగ్గరికి వచ్చేసింది. దూలం ఒకపక్కకు ఆగబట్టి ప్రాణం దక్కింది. మోచెయ్యి విరిగింది. పెంకులు, మట్టి తీసేసి ఆమెను బయటికి మోసినవాళ్ళలో ముక్తియారూ ఉండాడు.

మరునాడు నాగప్ప వచ్చి పడిన మానును కోయడం మొదలుపెట్టినాడు. ముక్తియార్ పక్కన కొమ్మలు లాగుతా ఉండాడు. తొర్ర దగ్గరికొచ్చి, భయంభయంగా కట్టెతో పొడిచి, తర్వాత చెయ్యి పెట్టి తడిమినాడు. పొట్టు తప్ప ఏమీ రాలేదు.

"ఏమన్నా ఇది? ఈగల్లేవు, మైనం ముక్క కూడా ల్యా."

"ఈగలు ఎప్పుడూ లేవు నాగప్పా. నాకు భయమేసింది. కుప్పం కాడ పడినప్పటి నుంచీ ఎక్కలేను. ఎక్కలేనని చెప్పలేక ఆ మాటన్నాను."

నాగప్ప చేతికంటిన పొట్టు దులుపుకున్నాడు.

"చెప్పుంటే నేను నగేవాణ్ణేమో అన్నా. ఎద్దు నిచ్చెన అని నువ్వన్న మాట నా చెవిన పడింది, అందుకైనా నగేవాణ్ణి. కానీ నగి, చెట్టయితే దించేవాణ్ణి కదా."

ముక్తియార్ వాకిట్లోకి నడిచినాడు.

సావిత్రమ్మ వాకిట్లో తడిసిన బియ్యం ఆరబోస్తా ఉంది. ఆయన ఎదురుగా నిలబడి చెప్పబోయినాడు. ఆమె తలెత్తకుండానే అనింది.

"నాకు ఆ పొద్దే తెలుసప్పా. నువ్వే చెప్తావని సూస్తా ఉంటి. నీ పరువు పోతాదని నోరు మూసుకుంటి. నాదీ తప్పుంది."

"మీ తప్పేం ల్యామ్మా. అంతా నాదే."

"లోపలికి పో. మా అత్త నిన్ను అడుగుతాండాది."

నంజమ్మ చేతికి రాత్రికి రాత్రే పుత్తూరు కట్టు కట్టించుకొచ్చినారు. మంచం మీద పడుకొని ఉన్న ముసలామె ఆయన్ను చూసి, బాగున్న చెయ్యి ఎత్తింది.

"రా నాయనా. కుట్టిన చోట తగ్గిందా? మా ఇంటి పనికొచ్చి నీకెంత బాధ వచ్చె."

ఆయన చెప్పాలనే లోపలికి వచ్చినాడు. ఆమె మొహం చూసినాడు, చేతి కట్టు చూసినాడు. మంచంకోడు పట్టుకొని కింద కూలబడి ఏడ్చినాడు. తన చెయ్యి చూసి ఏడుస్తాండాడనుకొని ఆమే ఆయన తల నిమిరింది. ఆమెకు ఆయన ఎప్పటికీ చెప్పలేకపోయినాడు.

వంటింటి కప్పు నాగప్ప, ముక్తియార్ కలిసి మళ్ళీ వేసినారు. నాగప్ప పైకెక్కి, పెంకులు అందీమన్నాడు. ఆ కప్పు మనిషెత్తుకు కొంచెం ఎక్కువ, అంతే. సగం పనిలో, "నువ్వూ పైకి రా అన్నా, తొందరగా అయిపోతాది," అన్నాడు. వీధిలో మనుషులుండారు.

"నాకు భయం నాగప్పా. నేను కిందనే ఉంటా," అన్నాడు ముక్తియార్, గొంతు తగ్గించకుండానే. వినినవాళ్ళు ఏదో తమాషాకు అంటాండాడని నవ్వి పోయినారు.

ఆ ఎండాకాలానికి పుంగనూరు వదిలి మదనపల్లెలో ఒక టింబర్ డిపోలో రంపం పనికి కుదిరినాడు. దుంగలన్నీ నేల మీదనే ఉంటాయి. మైమూన్ బీకి జరిగిందంతా ఆ ఊరు పోయినాకే చెప్పినాడు. ఆమె విని, "నంజమ్మకు నెలకొకసారైనా కనిపించి రా," అనింది. ముసలామె పోయేదాకా ఆయన వెళ్ళి వచ్చినాడు. మోచెయ్యి పూర్తిగా చాపలేక ఆమె ఎడం చేత్తోనే టీ గ్లాసు అందించేది.

పుంగనూరు మనుషులు డిపోకొస్తే ఆ కథ తీస్తారు. ఈగలు ముసురుకున్నా సాయిబు మాను వదల్లేదంట, అట్లాంటి గుండె ఇప్పుడెవరికుండాది అంటారు. కొన్నిసార్లు ఆయన రంపం ఆపి, ఈగల్లేవప్పా, నేను భయపడినాను, నా అబద్ధానికి ఒక ముసలామె చెయ్యి విరిగింది అని చెప్తాడు. కొన్నిసార్లు చెప్పలేడు. వాళ్ళతో పాటు టీ తాగి, తల ఊపి, దుంగ దగ్గరికి పోతాడు. అట్లాంటి రోజు ఇంటికి రాగానే మైమూన్ బీ ఆయన మొహం చూసి, ఆ పూట ముద్ద దిగదని తెలిసి కంచం పక్కన పెట్టేస్తుంది.